కంచె చేను మేయు జబ్బులు: పాదరసము, బొట్టుబిళ్ళ, రాతిదుమ్ము

చేనుకు కంచె వేయునది పశువులు పడకుండుటకు. ఆ కంచెయే చేను మేసినచో రైతు ఎవరితో మొరపెట్టుకొనవలెను? మన శరీరమునందును ఇట్టి కంచె యొకటి కలదు. గాయమైన చోట చీము పట్టుట, క్రిమి లోనికి చొరబడినపుడు జ్వరము వచ్చుట, తట్టు ఒకసారి పోసిన బిడ్డకు మరల పోయకుండుట, ఇవన్నియు ఆ కంచె చేయు పనులే. రక్తములోని తెల్లకణములును, అవి తయారుచేయు ప్రతిరక్షకములును పరాయి క్రిమిని గుర్తుపట్టి చంపును. దీనిని రోగనిరోధక శక్తి అందురు. కొందరిలో ఈ శక్తి దారితప్పి, సొంత కీళ్ళను, చర్మమును, మూత్రపిండములను పరాయివిగా తలచి వాటిమీద పడును. ఇట్టి జబ్బులకు ఆటోఇమ్యూన్ వ్యాధులని పేరు.

తెల్లవారి లేచుసరికి చేతి వ్రేళ్ళ కణుపులు వాచి పిడికిలి బిగియనీయని కీళ్ళవాతము, ముఖముమీద సీతాకోకచిలుక రెక్కలవలె ఎర్రమచ్చ తెచ్చు లూపస్, బొల్లి, చర్మము తోలువలె బిగుసుకొనిపోవు స్క్లిరోడెర్మా, కొన్ని థైరాయిడ్ జబ్బులు ఈ కోవలోనివే. ఇవి అంటుజబ్బులు కావు. వీటిలో చాలవరకు పురుషులకంటె స్త్రీలకే ఎక్కువగ వచ్చును. లూపస్ వచ్చినవారిలో పదిమందికి తొమ్మిదిమంది స్త్రీలే.

ఈ జబ్బులు ఎందుకు వచ్చునని అడిగినచో, రైతులకు తెలిసిన పోలికతోనే చెప్పవచ్చును. మొలకెత్తుటకు విత్తనము ఉండవలెను, పదును ఉండవలెను. విత్తనము ఉన్నను పదును లేనిదే మొలవదు, పదును ఎంత ఉన్నను విత్తనము లేని చోట ఏమియు మొలవదు. ఈ జబ్బులకు విత్తనము పుట్టుకతో వచ్చు లక్షణము. పదును బయటినుండి వచ్చును. ఒకే పిండమునుండి పుట్టిన కవలలలో ఒకరికి కీళ్ళవాతము వచ్చినపుడు రెండవవారికి కూడ వచ్చుట నూటికి ఇరవై లోపే. రక్తము ఒకటే అయినను ఎనభైమందికి రాలేదనగా బయటి కారణము పెద్దదని తెలియుచున్నది. ఆ బయటి కారణములలో కొన్ని అంటువ్యాధులు, పొగత్రాగుట, కొన్ని రసాయనములు కలవు. ఈ వ్యాసము ఆ రసాయనముల గురించి, అందునను మన నిజామాబాదు, బోధన్ ప్రాంతపు ఇండ్లలోను పొలములలోను తగులు వాటి గురించి.

రైతు వేదికలో ఈ మాట ఎత్తినపుడు ఒక పెద్దాయన, "సారూ, మా కోడలు మొఖానికి పెట్టుకునే క్రీముకు, మా చెర్కు మందుకు ఏం సంబంధం?" అని నవ్వినాడు. సంబంధము ఉన్నది. దాని పేరు పాదరసము.

మంజీర నీటిని నిలుపుటకు 1923లో మొదలుపెట్టి 1931లో ముగించిన నిజాంసాగరము వలన ఈ సీమలో చెరకు పెరిగినది. 1937లో బోధన్ వద్ద శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర కర్మాగారము వెలసినది. ఆ కర్మాగారము 2015 డిసెంబరులో మూతబడిన తరువాత చెరకు విస్తీర్ణము తగ్గి, వరి, సోయాచిక్కుడు ఆ భూములను ఆక్రమించినవి. కాని చెరకు సేద్యము జోరుగ సాగిన దశాబ్దములలో ముచ్చెలను నాటుటకు ముందు పాదరసపు మందు కలిపిన నీటిలో ముంచుట శాస్త్రీయ పద్ధతిగా చెప్పబడినది. పైనాపిల్ తెగులువలన ముచ్చెలు నేలలో కుళ్ళకుండుటకు ఆ మందు బాగుగనే పనిచేసెడిది. పెద్దవారికి అగల్లాల్, అరెటాన్, ఎమిసాన్ అను పేర్లు జ్ఞాపకముండును. వీటిలో అసలు సరకు మిథాక్సి ఇథైల్ మెర్క్యురీ క్లోరైడు. డబ్బాలో నూటికి 3 నుండి 6 పాళ్ళు పాదరసము ఉండెడిది. వరి, జొన్న విత్తనములకు పట్టించిన అగ్రోసాన్, సెరెసాన్ పొడులు కూడ పాదరసపు కుటుంబమువే. ముచ్చెలను తొట్టిలోనుండి తీయునది ఎక్కువగ కూలి స్త్రీలు, అదియు ఒట్టి చేతులతో.

ఈ మందు శరీరములో ప్రవేశించిన తరువాత త్వరగా విడిపోయి, అందులోని పాదరసము మూత్రపిండములలో నిలువచేరును. 1970లోనే ఒక వైద్యపత్రిక, విత్తనశుద్ధికి వాడు ఇట్టి పాదరసపు పొడివలన మనుష్యులకు ఒళ్ళు వాచి మూత్రములో మాంసకృత్తులు పోవు జబ్బు వచ్చినట్లు ప్రకటించినది. బోధన్ కూలీలలో ఇంతమందికి వచ్చినదని చెప్పుటకు కాదు ఈ మాట. పాదరసము పురుగుమందు డబ్బాలో ఉన్నను, అత్తరు వాసనగల క్రీము డబ్బాలో ఉన్నను, మూత్రపిండమునకు అది పాదరసమే.

భారత ప్రభుత్వము 2018 ఆగస్టు 8వ తేదీ ఉత్తర్వుతో 18 పురుగుమందులను నిషేధించినది. వాటిలో వెంటనే నిలిపివేసిన వాటి జాబితాలో ఈ మిథాక్సి ఇథైల్ మెర్క్యురీ క్లోరైడు కూడ ఉన్నది. కావున నేడు ఏ దుకాణదారుడైనను పాత నిల్వనుండి దీనిని ఇచ్చినచో అది చట్టవిరుద్ధము. ఇక ముచ్చెల శుద్ధికి ఏమి చేయవలెనందురా? లీటరు నీటికి కార్బండజిమ్ అర గ్రాము, మలాథియాన్ 2 మిల్లీలీటర్లు కలిపి, మూడు కళ్ళ ముచ్చెలను 15 నిమిషములు ముంచి నాటిన చాలును. మొదటిది కుళ్ళుకు, రెండవది పొలుసు పురుగుకు. విత్తనపు తోటకు గడ్డిదుబ్బు తెగులు భయమున్నచో 52 డిగ్రీల సెంటిగ్రేడు వేడినీటిలో 30 నిమిషములు ఉంచు పద్ధతి కలదు. దీనికి మందు ఖర్చే లేదు. వేడి రెండు డిగ్రీలు పెరిగినను కళ్ళు చచ్చును గనుక తగిన సాధనము లేనిదే ఇంటివద్ద కాగుతో ప్రయత్నింపరాదు. ఈ విషయమున రుద్రూరు చెరకు, వరి పరిశోధనా స్థానమువారి సలహా పొందవచ్చును. ఏ మందులో ముంచినను చేతులకు రబ్బరు తొడుగులు ఉండవలెను. కూలీలకు తొడుగులు కొని ఇచ్చుట భూస్వామి బాధ్యత. రెండు జతల వెల ఒక పూట కూలికి చాలదు.

పాత డబ్బాల విషయమై ఒక హెచ్చరిక. కొందరి గొడ్ల కొట్టములలో, పాత ఇండ్ల అటకలమీద ఇట్టివి ఇంకను ఉండవచ్చును. వాటిని కాలువలో కడుగరాదు, గుంతలో పూడ్చరాదు, పొయ్యిలో వేయరాదు. నీటిలో చేరిన పాదరసము బురదలోని సూక్ష్మజీవులవలన మరింత చెడ్డరూపు దాల్చి చేపలలో చేరును. జపాను దేశములో మినమాట అను ఊరిలో 1956లో బయటపడిన ఘోరము ఇట్టిదే. పాదరసముపై ప్రపంచదేశములు చేసికొన్న ఒప్పందమునకు ఆ ఊరి పేరే పెట్టిరి. మందు పట్టించిన విత్తనము సంగతి కూడ ఇంతే. ఇరాకు దేశములో 1971-72 శీతకాలమున, విత్తుటకు పంపిన పాదరసపు గోధుమలను పల్లెవారు రొట్టెలు చేసికొని తిన్నారు. సంచులమీది హెచ్చరిక వారికి తెలియని భాషలో ఉన్నది. విషమునకు గుర్తుగా పూసిన ఎర్రరంగు కడిగినచో పోయినది, విషము పోలేదు. 6,530 మంది ఆసుపత్రుల పాలైరి, వారిలో 459 మంది మరణించిరి. అచట దెబ్బతిన్నది నరములు, మెదడు. అది కంచె చేను మేయు జబ్బు కాదు. అయినను మిగిలిన శుద్ధి విత్తనమును కడిగి కోళ్ళకు వేయు అలవాటు మనవద్దను కలదు గనుక ఈ సంగతి చెప్పవలసివచ్చినది.

ఇక క్రీముల మాట. చర్మమునకు నలుపునిచ్చు పదార్థము మెలనిన్. అది తయారుకాకుండ పాదరసము అడ్డుపడును. అందుచేత పాదరసము కలిపిన క్రీము రాసిన రెండు మూడు వారములలో ముఖము తెల్లబడినట్లు కనిపించును. మానినచో మరల యథారంగు వచ్చును. అది చూచి మరల కొందురు. అమ్మువానికి కావలసినది అదియే.

1972లో ఆఫ్రికా ఖండమందలి నైరోబి నగరమున, ఒళ్ళువాపుతో మూత్రపిండముల జబ్బు వచ్చిన 60 మందిని వైద్యులు విచారింపగా సగమునకు పైగా ఇట్టి క్రీములు వాడినవారే. అంతటి పాత సంగతి కదా అని మనము ఊరుకొనుటకు వీలులేదు. కేరళలో మలప్పురం జిల్లా కొట్టక్కల్‌లో ఒక ఆసుపత్రి వైద్యులు 2021 జూలై మొదలు 2023 సెప్టెంబరు వరకు తమ వద్దకు వచ్చిన మెంబ్రేనస్ నెఫ్రోపతి రోగులను లెక్కించిరి. మొత్తము 22 మంది. వారిలో 15 మందికి నెల్-1 అను మాంసకృత్తు గుర్తుగల అరుదైన రకము కనబడినది. ఆ 15 మందిలో 13 మంది జబ్బుకు ముందు ముఖము తెల్లబరచు క్రీములు రాసుకొన్నట్లు చెప్పిరి. వెల్లూరు క్రిస్టియన్ వైద్య కళాశాలవారు 2022లో ఇదే రకపు జబ్బును కొన్ని నాటుమందులు తిన్నవారిలో చూచి ప్రకటించిరి. నాటుమందులలోని పాదరసముమీదనే వారి అనుమానము. కావున క్రీము ఒక్కటే కాదు, పేరు ఊరు లేని భస్మములు, లేహ్యములు కూడ అనుమానింపదగినవే.

ఈ జబ్బులో లోపల జరుగునది తెలిసికొనుట మేలు. గానుగవద్ద రసమును వడగట్టు గుడ్డ చూచియున్నారు కదా. గుడ్డ బాగున్నచో పిప్పి పైన నిలిచి రసము దిగును. మూత్రపిండములలో ఇట్టి సన్నని వడపోత గుడ్డలు లక్షలకొలది కలవు. ఇచట పైన నిలువవలసినది రక్తములోని మాంసకృత్తులు, దిగవలసినది మలిననీరు. పాదరసము పదునుగా పనిచేసినపుడు ప్రతిరక్షకములు ఆ వడపోత గుడ్డకే అంటుకొని దానిని చెరచును. అంతట మాంసకృత్తులు మూత్రముతో జారిపోవును. మూత్రము సబ్బునీటివలె నురుగు కట్టి, ఆ నురుగు ఎంతకును విరుగదు. తెల్లవారి కండ్లచుట్టు ఉబ్బు, సాయంత్రమునకు పాదముల వాపు కనబడును. వ్రేలితో నొక్కిన చోట గుంట పడును. పొలములో నిలిచి నాటువేసిన అలసట అని స్త్రీలు దీనిని ఉపేక్షింతురు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో మూత్రమున పట్టీ ముంచి చూచు పరీక్షకు కొద్ది నిమిషములు పట్టును. అందులో మాంసకృత్తు కనబడినచో, తాము వాడు క్రీము డబ్బా, తిను నాటుమందు పొట్లము కూడ వైద్యునికి చూపవలెను. సిగ్గుపడి దాచినచో వైద్యుడు కారణము కనుగొనలేడు. సంతోషింపదగినది ఏమనగా, క్రీము మానివేసినవారిలో చాలమందికి కొన్ని నెలలలో మూత్రము మరల శుద్ధమైనది. ఆలస్యము చేసినవారికి నిరోధకశక్తిని తగ్గించు బలమైన మందులు వాడవలసివచ్చును, రక్తము గడ్డకట్టు అపాయము కూడ ఉండును.

చట్టము ఏమి చెప్పుచున్నది? 2020 నాటి సౌందర్యసాధనముల నిబంధనల ప్రకారము మన దేశమున పాదరసము కలిపిన సౌందర్యసాధనములు తయారుచేయరాదు, దిగుమతి చేయరాదు. అనుకోకుండ చేరినదైనను పదిలక్షల పాళ్ళలో ఒక పాలు మించరాదు. కంటిచుట్టు వాడువాటికి మాత్రము 70 పాళ్ళవరకు మినహాయింపు ఉంచిరి. మినమాట ఒప్పందపు దేశములు 2023లో సమావేశమై, పాదరసము కలిపిన సౌందర్యసాధనములను 2025 నాటికి పూర్తిగా తొలగింపవలెనని తీర్మానించినవి. చట్టము గట్టిదే. కాని సంతలో తట్టమీద అమ్ము డబ్బాకు తయారుచేసినవాని చిరునామా ఉండదు, బ్యాచి నంబరు ఉండదు. పెండ్లిళ్ళ కాలమున ఇట్టివి ఎక్కువగ చెల్లును. డబ్బామీద మెర్క్యురీ, మెర్క్యురస్ క్లోరైడు, కాలమెల్, అమోనియేటెడ్ మెర్క్యురీ, మెర్క్యురిక్ అయొడైడు అను మాటలలో ఏ ఒక్కటి ఉన్నను కొనరాదు. ఏమియు వ్రాయని డబ్బాను అసలే కొనరాదు. "బంగారు, వెండి నగలకు తగులనీయవద్దు" అని కొన్నిటిమీద ఉండును. పాదరసము బంగారమును పట్టి తెల్లబరచునని కంసాలి నడిగిన చెప్పును. నగకు తగులరాని దానిని బుగ్గకు ఎట్లు రాసుకొందురో నాకు అర్థము కాదు. తల్లి చేతికి అంటిన క్రీము చంటిబిడ్డకు చేరును, తుడుచుకొన్న తువాలు ఇంటిల్లిపాదికి చేరును.

బొట్టుబిళ్ళల సంగతి వేరు. అచట పాదరసము లేదు, జిగురు ఉన్నది. ఆ జిగురులో పారా టెర్షియరీ బ్యుటైల్ ఫినాల్ అను రసాయనము ఉన్నదని, అది తగిలిన చోట చర్మము తెల్లబడుచున్నదని 1990 ప్రాంతమున మన దేశపు చర్మవైద్యులు చూపిరి. నుదుట బిళ్ళ ప్రమాణమున గుండ్రని తెల్లమచ్చ దీనికి గుర్తు. కలకత్తా వైద్యులు ఇట్లు రసాయనములవలన మచ్చలు వచ్చిన 864 మందిని పరీక్షింపగా, జుట్టురంగులవలన వచ్చినవారు నూటికి సుమారు 27, బొట్టుబిళ్ళలవలన 12, రబ్బరు చెప్పులవలన 9. పురుగుమందులవలన వచ్చినవారును కొద్దిమంది కలరు.

ఈ మచ్చ రసాయనము తగిలిన చోటనే నిలిచిపోవునా, బొల్లిగా పాకునా? రెండును జరుగును. జపానులో కనెబో సంస్థవారు రోడోడెనాల్ అను పదార్థము కలిపి అమ్మిన తెల్లబరచు క్రీములను 2013 జూలైలో వెనుకకు తీసికొనవలసివచ్చినది. సుమారు 19 వేలమందికి మచ్చలు వచ్చినవి. ఆ పదార్థము మొదట రంగునిచ్చు కణములను చంపినది. చచ్చిన కణముల వాసన పట్టిన తెల్లకణములు, కొందరిలో, బ్రతికియున్న కణములను కూడ వేటాడినవి. క్రీము రాయని చోట సయితము మచ్చలు లేచినవారు కలరు. చాలమందికి మానిన తరువాత రంగు కొంతవరకో పూర్తిగనో తిరిగివచ్చినది. అదే క్రీము వాడిన లక్షలమందిలో నూటికి ఇద్దరికే ఈ బాధ వచ్చుట గమనింపవలెను. పదును అందరికి ఒకటే, విత్తనము కొందరిలోనే.

బొట్టుబిళ్ళ పెట్టుచోట దురద కలిగినను, రంగు పలుచబడినను ఆ దినమే మానవలెను. మనము పసుపు పండించువారము. ఆర్మూరు, బాల్కొండ పసుపు నిజామాబాదు మార్కెటుకు వచ్చును, 2025 జూన్ 29న జాతీయ పసుపు బోర్డు కార్యాలయము ఈ పట్టణమందే తెరిచిరి. అయినను మన ఇండ్లలో కుంకుమ పేర అంగడి రంగుపొడి వాడుట వింతగా ఉన్నది. పసుపుకొమ్ములను వెలిగారము, పటిక, నిమ్మరసములలో నానవేసి, నీడన ఆరబెట్టి దంచి, వస్త్రగాళితము పట్టి చేయు కుంకుమ మన అమ్మమ్మలకు తెలుసు. మహిళా సంఘములవారు దీనిని చేసి అమ్మినచో ఒక చిన్న పరిశ్రమయే అగును. జుట్టురంగు వాడువారు అందలి పారా ఫినిలిన్ డయామిన్ అను పదార్థము సంగతి తెలిసికొనవలెను. "నల్ల గోరింట" అని అమ్మునది అనేకచోట్ల ఈ పదార్థము కలిపినదే. పెరటిచెట్టు గోరింటాకు ఎర్రగ పండును గాని ఎన్నడును నల్లగ పండదు.

దుమ్ము విషయము స్త్రీలకంటె పురుషులకు ఎక్కువ సంబంధించినది. స్కాట్లండులో రాళ్ళు చెక్కు పనివారికి చర్మము బిగుసుకొనిపోవు స్క్లిరోడెర్మా అధికముగ వచ్చుచున్నదని 1914లో బ్రామ్‌వెల్ అను వైద్యుడు వ్రాసెను. వేల్సు బొగ్గుగనుల కూలీల ఊపిరితిత్తులలో గడ్డలును కీళ్ళవాతమును జంటగా వచ్చుటను 1953లో కాప్లన్ అను వైద్యుడు చూపెను. రాతిదుమ్ములోని స్ఫటికపు సిలికా ఊపిరితిత్తులలో చేరి, కరుగక, తెల్లకణములను ఎడతెగక రెచ్చగొట్టుచుండును. నేడు కీళ్ళవాతము, లూపస్, స్క్లిరోడెర్మా మూడింటికి ఈ దుమ్ము కారణము కాగలదని వైద్యశాస్త్రము గట్టిగ అంగీకరించుచున్నది. రసాయనములన్నిటిలో అత్యంత రుజువైనది ఇదియే అని చెప్పవచ్చును.

మన ప్రాంతమున ఈ దుమ్ము రాళ్ళు పిండిచేయు క్రషర్లవద్ద ఉన్నది, బోరు బండివద్ద ఉన్నది. నల్లరాతిలో బోరు దిగుచున్నపుడు తెల్లని పిండి మేఘమువలె లేచును. నీరు పడునో పడదో అని రైతు, ఇంటివారు, పిల్లలతోసహా చుట్టు మూగి చూచుట పరిపాటి. ఆ ఆత్రము నేనెరుగుదును. అయినను గాలికి ఎదురుదిక్కున, దూరముగ నిలిచి చూడవలెను. ఒకనాటి దుమ్ముతో జబ్బు రాదు. ఏండ్లతరబడి ఆ పనిలో ఉండు బండి కూలీలకే అసలు ప్రమాదము. వారికి ముక్కుకు కట్టు తువాలు చాలదు, ఎన్-95 రకపు ముసుగు కావలెను. నీరు చల్లుచు తవ్వినచో దుమ్మే లేవదు.

వరిపొట్టు బూడిద కూడ తెలిసికొనదగినదే. పొట్టు కాల్చినచో నూటికి సుమారు 20 పాళ్ళు బూడిద మిగులును, ఆ బూడిదలో అధికభాగము సిలికాయే. తక్కువ వేడిలో కాలినపుడు అది అంత చెడ్డది కాదు. మిల్లు బాయిలర్లలో ఎక్కువ వేడికి గురియైనపుడు కొంత స్ఫటికరూపము దాల్చును. బూడిదను తడిపి గాని ఎత్తరాదు, బండిపై గుడ్డ కప్పక తరలింపరాదు. చెరకు ఆకు కాల్చుట మాత్రము ఏ విధముగను మంచిది కాదు. ఎకరమునకు ఒకటింబావు టన్ను ఎండాకును నాటిన మూడవ దినమున సాళ్ళలో కప్పినచో పదును నిలుచును, పీకపురుగు తగ్గును, కలుపు అణగును. చక్కెర మిల్లులవద్ద తడిసి బూజుపట్టిన పిప్పి కుప్పలను కదిలించువారికి వచ్చు దగ్గు, ఆయాసము వేరొక జబ్బు. అది బూజువలన వచ్చునది.

పురుగుమందుల గురించి రైతులు తప్పక అడుగుదురు. ఈ విషయమున రుజువు పాదరసమునకు, సిలికాకు ఉన్నంత గట్టిది కాదు. అమెరికాలో దాదాపు 76 వేలమంది పెద్దవయసు స్త్రీలను విచారించి 2011లో ప్రకటించిన ఒక పరిశోధనలో, ఏడాదికి ఆరు పర్యాయములో అంతకు మించియో స్వయముగ పురుగుమందు వాడినవారికి కీళ్ళవాతము, లూపస్ సుమారు రెండింతలు ఎక్కువగ కనబడినవి. ఏ మందు అని విడదీసి చెప్పుటకు ఆ లెక్క చాలదు. ఇది విని మందు కొట్టుట మానుమని నేను చెప్పను. పురుగు ఆర్థిక నష్టపరిమితి దాటినపుడే కొట్టుడని, చేతితొడుగు లేనిదే కలుపవద్దని, పిచికారి చేసిన బట్టలను ఇంటి ఇల్లాలు ఉత్తచేతులతో తక్కిన బట్టలతో కలిపి ఉతుకరాదని మాత్రము చెప్పుదును. మందు కొట్టునది మగవాడైనను బట్టల ద్వారా అది తగులునది ఆమెకే. బీడీ త్రాగుట కీళ్ళవాతమునకు బాగుగ రుజువైన కారణములలో ఒకటి. వ్రేళ్ళ కణుపులు వాచినవారు ముందుగ మానవలసినది బీడీ.

గ్రామాధికారులకు రెండు మాటలు. పంచాయతీ కార్యదర్శి, వ్యవసాయ విస్తరణాధికారి, ఆశా కార్యకర్త కలిసి పెండ్లిళ్ళకు ముందు ఒకసారి ఊరి సంతలోని క్రీముల డబ్బాలు చూడవలెను. చిరునామా, లైసెన్సు నంబరు లేని సరుకు కనబడినచో అమ్మువానితో వాదులాడుట కంటె ఒక డబ్బాను జిల్లా ఔషధ తనిఖీ అధికారికి చేర్చుట ఫలప్రదము. ఒకే ఇంట ఇద్దరు స్త్రీలకు కాళ్ళవాపు ఉన్నదని తెలిసినచో ఆశా కార్యకర్త ఆ ఇంటి అద్దము దగ్గర ఏ డబ్బాలున్నవో కూడ అడుగవలెను. నుదుట తెల్లమచ్చ వచ్చిన ఆడపిల్లను కుష్ఠురోగిగా అనుమానించి వెలివేయు మూఢత్వము ఇంకను అక్కడక్కడ కలదు. అది కుష్ఠు కాదు, అంటదు, చర్మవైద్యుడు చూచిన తేల్చును.

పాత పాదరసపు మందు డబ్బా ఇంట ఉన్నవారు మూత తీయక, రెండు దళసరి ప్లాస్టిక్ సంచులలో గట్టిగ కట్టి, మండల వ్యవసాయాధికారికి తెలియజేయవలెను. ఎంత పాతదైనను, ఎవరు కొన్నదైనను, ఆ డబ్బా తెచ్చినందుకు ఎవరిని ఏమియు అనరు. సంచిమీద మందు పేరు, తెచ్చిన తేదీ పెన్సిలుతో వ్రాసి అంటించినచో మాకు సులువగును.